కృతజ్ఞతా స్తంభానికో రుజువు గుంత

గుంత తవ్వితే మట్టి బయటికి పోతుంది. ఎంత మట్టి పోయిందో గుంతను అడిగితే చెప్పదు. ప్రభుత్వానికేమో అది తెలియనిదే నిద్ర పట్టదు. అందుకని మట్టి పనుల్లో తాతల కాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. గుంత తవ్వేటప్పుడు మధ్యలో అక్కడక్కడ కొంచెం నేలను ముట్టుకోకుండా వదిలేస్తారు. చుట్టూ మట్టి పోయాక అది నిలువెత్తు దిమ్మెలా మిగిలిపోతుంది, నెత్తిన పాత గడ్డితో సహా. ఆ గడ్డి దగ్గర టేపు పట్టి కిందికి వదిలితే ఎంత లోతు తవ్వారో తేలిపోతుంది. కొలత అయ్యాక ఆ దిమ్మెను కూడా తవ్వి పారేస్తారు. మావైపు దాన్ని కొలత దిమ్మె అంటారు.

అంతే. ఇందులో భక్తి లేదు, తత్వం లేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, చెప్పాల్సిన రోజున చెప్పాల్సిన చోట నన్ను నోరెత్తనివ్వలేదు.

నా పేరు సంజీవరాయుడు. నల్లగుండ్లపల్లిలో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటుని. అంటే పైనుంచి వచ్చే ఉత్తర్వులకీ కిందినుంచి వచ్చే తిట్లకీ మధ్యలో నిలబడేవాణ్ణి. రెండూ నాకే తగులుతాయి, జీతం మాత్రం ఒకటే.

మాది వాన పేరుకు పడే ప్రాంతం. పడినప్పుడు కూడా మా వంకలో, అంటే వాగులో, పారే నీళ్ళు మా ఊళ్ళో ఆగవు. గుట్ట దిగి, ఊరికి మర్యాదగా ఒక నమస్కారం పెట్టి, కిందికి వెళ్ళిపోతాయి. వాటిని ఆపడానికి ఊరి పైభాగాన బంజరులో ఒక కుంట తవ్వుదామని మొదట పట్టుబట్టింది ఓబులమ్మత్త. నాకు సొంత అత్తేం కాదు, ఊరి వరసకి అత్త. కుంటకి సరిగ్గా కింద ఆమె చీనీ తోట ఉంది. బత్తాయిని మావైపు చీనీ అంటాం. ముప్పై చెట్లు. మొగుడు పోయాక పిల్లల్లా పెంచుకుంది. రెండేళ్ళుగా బోరు గాలి కక్కుతోంది. ఆమె ట్యాంకరు దగ్గర పట్టిన నీళ్ళలోంచి సగం ఇంటికీ, సగం చెట్లకీ మోస్తోంది. తొలకరికి కుంట నిండితే బోరులో మళ్ళీ నీళ్ళూరతాయి, చెట్లు బతుకుతాయి. నిండకపోతే ఈ ఏడు ఆ చెట్లు పొయ్యిలోకే.

అందుకే చలికాలం చివర మొదలుపెట్టిన కుంటను ఎండలు ముదిరేలోపు దాదాపు పూర్తి చేశారు ఆడవాళ్ళు. తవ్విన మట్టిని కిందివైపు కట్టగా పోశారు. ఇక మిగిలింది నాలుగు కొలత దిమ్మెలు. ఒకటైతే సరిగ్గా వంక నీళ్ళు కుంటలోకి దిగే గండి దగ్గరే ఉంది. కొలిచి, తీసేస్తే పనైపోతుంది.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. ఉపాధి పనుల్లో ఉపాధి ఉంది, పని ఉంది, కానీ స్ఫూర్తి లేదట. స్ఫూర్తి సరఫరా చేసే శాఖ ఏదీ లేదు కాబట్టి ఆ బాధ్యతను స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. మా మండలం ‘మట్టిమనసు ఫౌండేషన్’ వాటాకి వచ్చింది. దాని తరఫున మాళవిక మేడం దిగింది. హోదా ‘పరివర్తన సారథి’. నిజం చెప్పాలంటే చాలా మంచి మనిషి. చెడ్డ మనిషైతే ఇంత నష్టం చేయగలిగి ఉండేది కాదు.

ఆమె వచ్చిన రోజు ఆడవాళ్ళు దిమ్మెల నీడలో కూర్చుని సంగటి తింటున్నారు. ఒక దిమ్మె మీద ఓబులమ్మత్త నీళ్ళ బిందె ఉంది. గండి దగ్గరి దిమ్మెకి పని మొదలుపెట్టిన రోజు పూసిన పసుపు ఇంకా పోలేదు. మేడం కట్ట ఎక్కి కిందికి చూసి, అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఇంత భూమిని తవ్వి, ఈ కొంచెం ఎందుకు ముట్టుకోలేదు?” అని గొంతు తగ్గించి అడిగింది.

“మేడం, అది కొలత...” అన్నాను నేను.

“వద్దు!” అని చెయ్యెత్తింది. “వివరించకండి. వివరిస్తే చచ్చిపోతుంది.”

ఏం చచ్చిపోతుందో నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పులు విప్పి కుంటలోకి దిగింది. ఎండకి కాళ్ళు కాలి గబగబా నీడలోకి గెంతి, దిమ్మెను రెండు చేతులా పట్టుకుని, “తన కడుపు కోసుకుని అన్నం పెట్టిన తల్లికి వీళ్ళు గుర్తుగా కొంచెం వదిలేశారు. ఇది కృతజ్ఞతా స్తంభం!” అని తన ఫోన్లోకే చెప్పింది.

“ఏమంటాందిరా ఆయమ్మ?” అని ఓబులమ్మత్త నన్నడిగింది.

“మనం చాలా గొప్పోళ్ళమంట అత్తా.”

“సరే గానీ, గొప్పోళ్ళ బిందె మీద చెయ్యి పడి ఒలికిపోతాందని చెప్పు.”

ఆ వీడియో జిల్లా అంతా తిరిగింది. మూడోనాడు పొద్దున్నే మండలంలో ఉపాధి పనులు చూసే ఏపీవో కుళ్ళాయప్ప సారు జీపులో దిగాడు. కుళ్ళాయప్ప సారు పుట్టుకతో మనిషే. కానీ ముప్పై ఏళ్ళు ఉత్తర్వులు చదివీ చదివీ మాట కూడా ఉత్తర్వులాగే అయిపోయింది. ఇంట్లో కాఫీ అడిగినా ‘తక్షణమే అందజేయవలసినది’ అంటాడని చెప్పుకుంటారు.

“సంజీవరాయుడూ, తెలియజేయునది ఏమనగా, సదరు దిమ్మెలు ఇకమీదట దిమ్మెలు కావు. కృతజ్ఞతా స్తంభాలు. పీడీ గారు స్వయంగా ప్రశంసించి ఉన్నారు. కావున వాటిని తొలగించుట, గీరుట, ఆనుకొనుట, వాటిపై బిందెలు పెట్టుట నిషేధించడమైనది” అన్నాడు.

పీడీ గారంటే జిల్లాకంతటికీ ఉపాధి పనుల పెద్ద. ఆయన ప్రశంసించినదాన్ని కింది వాళ్ళెవరూ కొలత దిమ్మె అనరు, కళ్ళ ముందు టేపు వేలాడుతున్నా సరే.

“దిమ్మె తియ్యకుంటే నీళ్ళు యాడ నుంచి లోపలికొస్తాయి సారూ? గండికి అడ్డంగా ఉండాది గదా!” అని ఓబులమ్మత్త ముందుకొచ్చింది.

సారు ఆలోచించాడు. “నీరు అనునది వేరే శాఖ. స్తంభం మన శాఖ. మనం మన శాఖలో ఉండవలెను.”

మర్నాటి నుంచి పనికి ముందు ‘కృతజ్ఞతా వలయం’ మొదలైంది. ఆడవాళ్ళందరూ గుండ్రంగా నిలబడాలి. ఒక్కొక్కరూ గుప్పెడు మట్టి తీసుకుని గుండెకు ఆనించి, కళ్ళు మూసుకుని, “అమ్మా, నిన్ను తవ్వినందుకు మన్నించు” అనాలి. నేను ఫొటో తీసి ఫోన్లో ఎక్కించాలి. కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళకి హాజరు పడదు. సిగ్నలు గుట్ట మీదే దొరుకుతుంది కాబట్టి ఫొటో ఎక్కేదాకా వాళ్ళు కళ్ళు మూసుకునే ఉండాలి, నేను గుట్ట ఎక్కి దిగాలి.

“మట్టిని గుండెకి హత్తుకున్నప్పుడు మీకేమనిపించింది?” అని మేడం ఆప్యాయంగా అడిగింది ఓబులమ్మత్తని.

“ఎండెక్కుతాందనిపించిందమ్మా.”

మేడం అది రాసుకుంది. తర్వాత ఫౌండేషన్ నివేదికలో ఆ మాట ‘సూర్యునితో అనుసంధానం’ అని వచ్చింది.

ఇంతటితో ఆగి ఉంటే ఏదో ఒక రోజు పొద్దున్నే ఆ గండి దిమ్మెను ఎవరికీ తెలియకుండా తన్నేసి, ఆవు పొడిచిందని చెప్పేవాళ్ళం. ఆగలేదు. జిల్లాకి నమూనాగా మా ఊరికి వంద కృతజ్ఞతా స్తంభాలు లక్ష్యంగా పెట్టారు. గుంతకి నాలుగు చొప్పున వంద స్తంభాలు రావాలంటే ఇరవై అయిదు కుంటలు తవ్వాలి. నాకు లోపల్లోపల సంతోషమేసింది. పోనీలే, ఈ పిచ్చి వల్లనైనా కొన్ని కుంటలొస్తాయి అనుకున్నాను. ఆ సంగతే మండల సమావేశంలో లేచి చెప్పాను.

మాళవిక మేడం నావైపు జాలిగా చూసింది. “సంజీవరాయుడు గారూ, గుంత అంటే భూమికి గాయం. స్తంభం అంటే భూమి చెయ్యెత్తి పెట్టే నమస్కారం. ఒక నమస్కారం కోసం ఇన్ని గాయాలు ఎందుకు చెయ్యాలి? నేరుగా స్తంభాలే కడదాం.”

“గుంత లేకుండా కొలత... స్తంభమా మేడం?”

“గాయం లేని కృతజ్ఞత!” అంది ఆమె. హాల్లో చప్పట్లు. కుళ్ళాయప్ప సారు అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు, ఎవరు ముందు ఆపుతారో చూస్తూ.

అలా మా ఉపాధి పనుల్లోకి కొత్త పని వచ్చింది, స్తంభ నిర్మాణం. స్తంభానికి మట్టి కావాలి. కొత్తగా తవ్వకూడదు, గాయం. దూరం నుంచి తేకూడదు, మోత ఖర్చు. ఊళ్ళో తవ్వి సిద్ధంగా ఉన్న మట్టి ఎక్కడుంది? కుంట కట్ట మీద. ఎక్కడ నిలబెట్టాలి? మొదటి నాలుగు స్తంభాలు ఒంటరిగా ఉన్నాయని మేడం ఎప్పటినుంచో బాధపడుతోంది. కాబట్టి వాటి పక్కనే.

లెక్క కుదిరింది. కట్టను పగలగొట్టి, ఆ మట్టినే తిరిగి కుంటలో పోసి, స్తంభాలు కట్టాలి.

ఈ ఉత్తర్వు నేను ఆడవాళ్ళకి చదివి వినిపించిన పొద్దు నాకింకా గుర్తుంది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఓబులమ్మత్త నన్నే చూస్తూ నిలబడింది.

“ఇంగోసారి చదువు అల్లుడూ.”

చదివాను.

“నేను తవ్విన గుంత నన్నే పూడ్చమంటాండారా?”

“అవునత్తా.”

“ఎవురికన్నా బుద్ధుండాదా? ఎండలో నడుములు ఇరగ్గొట్టుకోని తవ్వితిమే! ఆ చెట్లకు నేనేం చెప్పాల? కుంటొస్తాది, కొన్నాళ్ళు ఓర్చుకోండని దినామూ చెప్తాండా వాటికి!” అని చెంగు నోట్లో కుక్కుకుని కట్ట మీద కూలబడిపోయింది. కుళ్ళాయప్ప సారుకి ఫోన్ చేసి, పోనీ పని ఆపేద్దామా అన్నాను. “పని ఆపిన యెడల మీ గ్రామం నిరాసక్త గ్రామముగా నమోదగును. నిరాసక్త గ్రామమునకు వచ్చే ఏడు పనులు రావు” అన్నాడు. ఫోన్ పెట్టేశాక మళ్ళీ ఆయనే చేసి, మామూలు గొంతుతో, “నాకు మాత్రం ఇష్టమా అప్పా?” అని, మళ్ళీ పెట్టేశాడు. ఆయన మనిషిలా మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

నెలల తరబడి తవ్వినది వారంలో పూడిపోయింది. రోజు కూలి మాత్రం రెండింటికీ సరిసమానంగా పడింది. కుంట ఉన్నచోట వంద మట్టి స్తంభాలు, శ్మశానంలో సమాధుల్లా నిలబడ్డాయి. మేడం మాత్రం ‘కృతజ్ఞతా వనం’ అని బోర్డు పెట్టించింది.

పీడీ గారు ప్రారంభోత్సవానికి వచ్చారు. రిబ్బను కత్తిరించి, స్తంభాల మధ్య తిరిగి, “ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థ, ప్రజలు ముగ్గురూ చేతులు కలిపితే ఏం జరుగుతుందో ఇక్కడ చూస్తున్నాం” అన్నారు. ఆయన అన్న మాటల్లో అంత నిజమైనది ఇంకోటి లేదు. తర్వాత ఒక స్తంభం మీద చెయ్యి వేసి, మామూలుగా అడిగారు.

“కుళ్ళాయప్పా, ఇవి మనవాళ్ళు కట్టారనడానికి ఆధారమేంటి? ఎక్కడో ముందే ఉన్న మట్టి దిబ్బలకి బోర్డు పెట్టారని రేపు తనిఖీ వాళ్ళు అంటే?”

సారు మొహంలో నెత్తురు చుక్క లేదు. చుట్టూ చూశాడు. స్తంభాలకి నోరు లేదు. నన్ను చూశాడు. నేను ఆకాశం చూశాను. ముప్పై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు కాబట్టి, ఒక్క క్షణంలో తేరుకున్నాడు.

“గుంత సార్!”

“గుంతేంటయ్యా?”

“గుంత ఎంత తవ్వారో తెలియడానికి దిమ్మెను వదిలే సంప్రదాయం అనాదిగా కలదు. అదే సూత్రాన్ననుసరించి, స్తంభం ఎంత కట్టారో తెలియడానికి గుంతను చూపవలెను. ప్రతి స్తంభానికీ, అందులో ఉన్నంత మట్టి పట్టే రుజువు గుంత ఒకటి. గుంతలోంచి మట్టి పోయిందంటే స్తంభంలోకే పోయిందని రుజువు.”

“అప్పుడా గుంతలోంచి వచ్చిన కొత్త మట్టి ఏం చేస్తారు?” అన్నాను నేను. నోరు ఊరుకోదు కదా.

“అది వేరే పద్దు” అన్నాడు సారు.

పీడీ గారికి నచ్చింది. మాళవిక మేడం మాత్రం గాయం గాయం అని గింజుకుంది. సారు ఆమెతో మెల్లగా, “ఇది గాయం కాదు మేడం, మచ్చ. మచ్చ అంటే గాయం మానిపోయిన గుర్తు” అన్నాడు. ఆమె ఆ మాట తలచుకుని తలచుకుని, చివరికి సరేనంది. ఆయన ఫౌండేషన్లో చేరి ఉంటే ఇంకా పైకి వచ్చేవాడు.

రుజువు గుంతల ఉత్తర్వు వచ్చింది. స్తంభాలకి ఆనుకుని, బంజరులో, వంద గుంతలు. నేను చదివి వినిపిస్తే ఆడవాళ్ళు నెత్తి కొట్టుకున్నారు.

“వంద గుంతలంటే గొర్రెలు పోయే దావంతా బొక్కలే గదా! ఒగదాని కాలన్నా మిగుల్తాదా?” అంది ఓబులమ్మత్త. అప్పటికి ఆమె దృష్టి నిజంగా గొర్రెల మీదే ఉంది, నేను ప్రమాణం చేసి చెప్పగలను. “అన్నీ ఒగే కాడ తవ్వుతామని అడుగు సారును.”

అడిగాను. కుళ్ళాయప్ప సారుకి అభ్యంతరం కనిపించలేదు, వంద చోట్ల టేపు పట్టే పని తప్పుతుంది. మేడం అయితే కరిగిపోయింది. “విడివిడి రుజువులు వద్దన్నారా వాళ్ళు? సామూహిక రుజువు కావాలన్నారా?” అని మళ్ళీ కళ్ళొత్తుకుంది.

స్తంభాలకి పైవైపు, వంక దిగే చోట ముగ్గు పోశాం. ఆడవాళ్ళు తవ్వడం మొదలుపెట్టారు. రెండోనాడు మధ్యాహ్నం నేను టేపు చుట్టుకుంటూ ఉండగా నా బుర్రలో మెల్లగా వెలిగింది. వంద స్తంభాల్లో ఉన్న మట్టి ఎక్కడిది? పాత కుంటది. అంత మట్టి పట్టే గుంత అంటే ఎంత గుంత? తల తిప్పి చూశాను. ఓబులమ్మత్త పార ఆపి నన్నే చూస్తోంది. ఆమెకీ అప్పుడే వెలిగినట్టుంది.

“అల్లుడూ,” అంది గొంతు తగ్గించి, “ఇది... కుంట గదా?”

“నోర్ముయ్యత్తా!” అన్నాను. జీవితంలో ఆమెనలా అనడం అదే మొదటిసారి. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు అదురుతుంటే, పార అందుకుంది. ఆ సాయంత్రానికి సంగతి ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది. మర్నాడు కృతజ్ఞతా వలయంలో కళ్ళు మూసుకోమని ఎవరికీ చెప్పాల్సిన పనే లేకపోయింది. తవ్విన మట్టి ‘వేరే పద్దు’ కదా, దాన్ని కిందివైపు కట్టగా పోశాం.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. గుంత అన్నాక కొలవాలి. కొలవాలంటే దిమ్మె వదలాలి. దిమ్మె మేడం కంట పడిందో, మళ్ళీ మొదటికి వస్తాం. ఆలోచించి ఆలోచించి, దిమ్మెలు వదిలి, ఒక్కోదానికి నాలుగు గోనెపట్టాలు చుట్టి, తాళ్ళతో కట్టేశాం. మేడం వచ్చి అవేంటని అడిగితే, “ఏమీ లేవమ్మా, పారలు, గంపలు” అంది ఓబులమ్మత్త. కుళ్ళాయప్ప సారు వచ్చి గోనె కొంచెం పైకెత్తి, కొలిచి, మళ్ళీ తనే దించాడు. ఆయన జీపు మలుపు తిరిగేలోగా దిమ్మెలు లేవు.

తొలకరి ఆలస్యం చేయలేదు. రాత్రంతా కురిసింది. పొద్దున్నే పరుగెత్తుకుంటూ వెళితే, రుజువు గుంత ఎర్రటి నీళ్ళతో అంచుల దాకా నిండి ఉంది. కట్ట మీద ఓబులమ్మత్త అప్పటికే గొంతుక్కూర్చుని ఉంది. నీళ్ళలో చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే మొహం తుడుచుకుంది.

కిందివైపు చూస్తే వంద స్తంభాలు లేవు. మట్టిని తడిపి నిలబెట్టినవి, వానకి ఆగుతాయా? కృతజ్ఞత అంతా బురదై కారిపోయింది. బోర్డు మాత్రం నిలబడి ఉంది.

వార్త జిల్లాకి చేరేసరికి గొడవ గొడవైంది. వంద స్తంభాలు కరిగిపోయాయి. ఇక అవి ఉండేవి అనడానికి మిగిలిన ఏకైక ఆధారం రుజువు గుంత. ఆ గుంతలోనేమో నీళ్ళు. తనిఖీ వాళ్ళు నీళ్ళను కొలవరు, గుంతను కొలుస్తారు. కుళ్ళాయప్ప సారు గొడుగు వేసుకుని కట్ట మీద నిలబడి ఉత్తర్వు చదివాడు.

“సదరు రుజువు గుంతలో అనుమతి లేకుండా నీరు ప్రవేశించినందున రుజువు అగుపడకపోవుచున్నది. కావున ఉపాధి కూలీలచే సదరు నీటిని తక్షణమే తోడించి తొలగించవలెను. వాన కురిసిన ప్రతిసారీ తనిఖీ పూర్తియగునంతవరకు ఇట్లే చేయవలెను.”

ఓబులమ్మత్త దిగ్గున లేచింది. “నీళ్ళు తోడి పారబోయాల్నా? ఈ నీళ్ళా? నా పీనిగ మీద నుంచి నడ్సిపోయి తోడుకోండి సామీ! తవ్వమంటిరి, తవ్వినాం. పూడ్చమంటిరి, పూడ్చినాం. మళ్ళా తవ్వినాం. దేవుడిస్తే నీళ్ళొచ్చినాయి, అవి పారబొయ్యమంటారా? కన్నతల్లి కడుపున పుట్టినోళ్ళేనా మీరు?”

సారు తల దించుకున్నాడు. కాగితం నా చేతిలో పెట్టి జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆమె కట్ట మీద కూర్చుని ఏడుస్తోంది. ఏం చెయ్యాలో తోచక ఆ కాగితమే మళ్ళీ చదివాను. ఇంకోసారి చదివాను. ముప్పై ఏళ్ళు ఉత్తర్వులు రాసిన మనిషి ఒక మాట మర్చిపోయాడా, లేక కావాలనే వదిలేశాడా? ఇప్పటికీ నాకు తెలియదు.

“అత్తా, ఏడవమాకు. తోడమన్నారు, సరే. తోడినవి యాడ పొయ్యాలో ఇందులో రాయలేదు.”

ఆమె తల ఎత్తింది. నా మొహం చూసింది. కట్ట కిందికి, తన ముప్పై చెట్ల వైపు చూసింది. చెంగుతో ముక్కు తుడుచుకుంది.

“బిందెలు ఎవురెవురి కాడ ఉండాయే?” అని గట్టిగా కేకేసింది ఆడవాళ్ళని.

ఉపాధి పనుల చరిత్రలో అటువంటి పని జరిగి ఉండదు. ప్రభుత్వం కూలి ఇచ్చి మరీ చీనీ చెట్లకి బిందెలతో నీళ్ళు పోయించింది. ఆమెవి అయ్యాక పక్కవాళ్ళ తోటలకి పోశారు. మళ్ళీ వాన పడింది, మళ్ళీ నిండింది, మళ్ళీ తోడాం. తోడింది పైపైన. అడుగున ఇంకిందంతా బోరుకి చేరింది. పదో రోజు ఆమె బోరు స్విచ్చి వేస్తే, పైపు రెండుసార్లు దగ్గి, నీళ్ళు కక్కింది. ఆడవాళ్ళు గోలగోలగా నవ్వుతూ ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడు మలుపు దగ్గర ఫౌండేషన్ జీపు కనబడింది.

తడిసిన ఆడవాళ్ళు, పచ్చబడ్డ చెట్లు, నవ్వులు. మేడం ఈ దృశ్యం చూసిందంటే ఏమవుతుందో నాకు అక్షరం పొల్లుపోకుండా తెలుసు. దీనికొక పేరు పెడుతుంది. జిల్లాలో ప్రతి ఊళ్ళో ఉన్న నీళ్ళన్నీ తోడించేస్తుంది.

నాకంటే ముందు ఓబులమ్మత్తే తేరుకుంది. బోరు కట్టేసి, ఆడవాళ్ళ వైపు తిరిగి, “నవ్వులాపండే! ఏడ్వండి! అందురూ ఏడుపుమొగాలు పెట్టండి. మనకు బాగుండాదని ఆయమ్మకు తెలిసిందంటే ఇంగ మనం బాగుండం!” అంది.

ఆడవాళ్ళు కట్ట మీద వరసగా కూలబడి శోకాలు మొదలుపెట్టారు. ఎన్ని నెలలది లోపల ఉందో, కాసేపటికి అది నిజం ఏడుపే అయింది. మాళవిక మేడం దిగి, ఒక్కొక్కరి మొహమూ చూసింది. ఫోన్ తీసి, మళ్ళీ సంచీలో పెట్టేసుకుంది.

“వీళ్ళకి మన కార్యక్రమం ఎక్కలేదు సంజీవరాయుడు గారూ” అంది దిగులుగా. “స్తంభాలు కరిగాక వీళ్ళ మనసులు విరిగిపోయాయి. ఇక్కడ పరివర్తనకి నేల సిద్ధంగా లేదు. వేరే ఊరు చూసుకుంటాం.”

“అంతేనా మేడం?” అన్నాను, వీలైనంత బాధగా.

జీపు వెళ్ళిపోయింది. ఓబులమ్మత్త లేచి, మొహం కడుక్కుని, బోరు వేసింది.

ఆ సాయంత్రమే పక్క ఊరు బోయకొండపల్లికి కొత్తగా వచ్చిన ఫీల్డ్ అసిస్టెంటు ఓబుళేసు నాకు ఫోన్ చేశాడు. గొంతులో హడావిడి.

“అన్నా, మీ ఊరి నుంచి ఎవరో మేడం రేపు పొద్దున మా పని చూడ్డానికి వస్తాందంట. మంచిదే గదా? మాకింకా వాన పడలేదు గదా, మా కుంట తవ్వడం అయిపోవచ్చింది. కొలతలొకటే బాకీ.”

“దిమ్మెలు తీసేసినారా?”

“యాడ తీసినామన్నా, అట్లే ఉండాయి, గడ్డితో సహా. ఏంటికి?”

“ఓబుళేసూ, నా మాటిను. మీ ఊళ్ళో గోనెపట్టాలుండాయా?”